ముందు అనుకోని మధ్యాహ్నం, ఒంటరిగా సాలార్ జంగ్ మ్యూజియంలో: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మధ్యాహ్నాలు అనుకోకుండానే ఖాళీ అవుతుంటాయి. హైకోర్టులో కేసు పొద్దున్నే వాయిదా పడుతుంది. ఉస్మానియా ఆసుపత్రిలో రిపోర్టులు సాయంత్రం ఇస్తామంటారు. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగినవారికి రాత్రి బస్సుకు ఇంకా ఆరేడు గంటలుంటుంది. ఈ మూడు చోట్ల నుంచీ నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే, మూసీ దక్షిణపు గట్టున, దారుల్‌షిఫా దగ్గర సాలార్ జంగ్ మ్యూజియం ఉంది. కుటుంబంతోనో బడి పిల్లలతోనో ముందుగా అనుకొని వెళ్ళేవారికి సలహాలు చాలా చోట్ల దొరుకుతాయి. ఏ ఏర్పాటూ లేకుండా, తోడు ఎవరూ లేకుండా, భోజనం చేసి లోపలికి అడుగుపెట్టే మనిషిని దృష్టిలో పెట్టుకొని ఈ ప్రశ్నలకు సమాధానాలు రాశాము.

ఏ రోజు వెళ్ళకూడదు?

శుక్రవారం. ఆ రోజు మ్యూజియానికి సెలవు.

మధ్యాహ్నం రెండు గంటలకు వెళితే ఆలస్యమైనట్టేనా?

కాదు, అయితే అంతకన్నా ఆలస్యం చేయకుండా ఉంటే మంచిది. మ్యూజియం ఉదయం పది గంటలకు తెరిచి సాయంత్రం ఐదు గంటలకు మూస్తారు. టికెట్ల అమ్మకం అంతకు ముందే ఆపేస్తారు. రెండు గంటలకు లోపల ఉన్నవారికి సుమారు మూడు గంటల సమయం చేతిలో ఉంటుంది. ఆఖరి అరగంటలో సిబ్బంది గదుల తలుపులు ఒక్కొక్కటే మూస్తూ సందర్శకులను ముందుకు పంపిస్తుంటారు కాబట్టి నిజంగా నిలబడి చూడగలిగేది రెండున్నర గంటలే అనుకోవాలి. ఉదయం గుంపులుగా వచ్చిన విహారయాత్రల బస్సులు చాలావరకు అప్పటికి తిరుగుముఖం పడతాయి. అందువల్ల మామూలు పనిరోజున, మూడు గంటలు దాటాక, కొన్ని గదుల్లో మీరూ కాపలా ఉద్యోగీ తప్ప మూడో మనిషి కనిపించకపోవచ్చు. ఆదివారాల్లోనూ పండుగ సెలవుల్లోనూ ఈ మాట చెల్లదు.

ఎలా చేరుకోవాలి?

మెట్రోలో వచ్చేవారు ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) స్టేషన్‌లో దిగాలి. ఎరుపు, ఆకుపచ్చ మార్గాలు రెండూ అక్కడ కలుస్తాయి కాబట్టి నగరంలో ఎక్కడి నుంచి వచ్చినా ఒకసారి మారితే చాలు. అక్కడి నుంచి ఆటోలోనూ వెళ్ళవచ్చు, ఎండ తీవ్రంగా లేకపోతే నడవనూ వచ్చు. సిటీ బస్సులో వచ్చేవారు అఫ్జల్‌గంజ్‌లో దిగి నయాపుల్ దాటితే సరిపోతుంది. కారులో రావద్దని మా సలహా. మధ్యాహ్నపు వేళ మదీనా చౌరస్తా దగ్గర చిక్కుకుంటే చేతిలో ఉన్న కాస్త సమయమూ అక్కడే కరిగిపోతుంది.

చేతిలో సంచి ఉంటే ఏం చేయాలి? ఫోటోలు తీయవచ్చా?

సంచులను లోపలికి అనుమతించరు. ప్రవేశద్వారం దగ్గర సామాను భద్రపరిచే గదిలో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. కళ్ళజోడు, డబ్బు, వేళకు వేసుకోవలసిన మందులు ముందే తీసి జేబులో పెట్టుకోండి. ఊరినుంచి పెద్ద పెట్టెతో వచ్చినవారు దానిని బస్‌స్టేషన్‌లోనే భద్రపరచి రావడం మేలు. టికెట్ ధరలు, ఫోటోలకు సంబంధించిన రుసుములు, నిబంధనలు మారుతుంటాయి, కౌంటర్ పక్కన బోర్డు మీద రాసి ఉంటాయి. ఫ్లాష్ మాత్రం ఎక్కడా వాడవద్దు.

ఒంటరిగా వెళితే వింతగా చూస్తారా? స్త్రీలు ఒంటరిగా వెళ్ళవచ్చా?

మన దగ్గర మ్యూజియం అంటే పిల్లలను తీసుకువెళ్ళే చోటు, లేదా ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు చూపించే చోటు అనే అభిప్రాయం బలంగా ఉంది. అందువల్ల ఒంటరిగా వచ్చినవారు తామేదో వేళకాని వేళ వచ్చినట్టు కొంత ముడుచుకుపోతారు. వాస్తవానికి అక్కడ ఎవరూ ఎవరినీ పట్టించుకోరు. ప్రతి గదిలోనూ కాపలా ఉద్యోగి ఉంటారు. ద్వారం దగ్గర తనిఖీ ఉంటుంది. మూసే వేళ కూడా పొద్దు ఉండగానే వస్తుంది. స్త్రీలు ఒంటరిగా మధ్యాహ్నం గడపడానికి పాతనగరంలో ఇంతకన్నా అనువైన చోటు చూపించడం కష్టం. ఒకే వస్తువు ముందు చాలాసేపు నిలబడితే కాపలా ఉద్యోగి దగ్గరకు రావచ్చు. అది చాలాసార్లు అనుమానంతో కాదు, మాట్లాడే మనిషి దొరికారన్న సంతోషంతో. ఏళ్ళ తరబడి అదే గదిలో కూర్చున్నవారు కాబట్టి ఏ పెట్టె ముందు జనం ఆగుతారో, ఏది చూడకుండా దాటిపోతారో వారికి తెలుసు. ఆ రెండో సంగతి అడిగి తెలుసుకోండి.

మూడు గంటల్లో అంతా చూడవచ్చా?

చూడలేరు, చూడాలని అనుకోకూడదు కూడా. భవనం మూడు భాగాలుగా ఉంటుంది: మధ్యలో భారతీయ విభాగం, ఒకవైపు ఐరోపా వస్తువులున్న పాశ్చాత్య విభాగం, మరోవైపు చైనా, జపాన్ తదితర దేశాల వస్తువులున్న ప్రాచ్య విభాగం. రెండు అంతస్తుల్లో కలిపి దాదాపు నలభై గదులు. మూడు గంటలను నలభైతో భాగిస్తే గదికి నాలుగున్నర నిమిషాలు వస్తాయి. అందులో నడకకే సగం పోతుంది. ఆ లెక్కన అన్నీ తిరిగినవారికి సాయంత్రానికి మిగిలేది కాళ్ళనొప్పులు, ఎక్కడో చూసిన ఒక కత్తి, ఎక్కడో చూసిన ఒక పింగాణీ పళ్ళెం.

కుటుంబంతో వచ్చినప్పుడు ఈ పరుగు తప్పదు. ఒకరు ఆగితే నలుగురు ఆగాలి, పిల్లలకు దాహం వేస్తుంది, పెద్దవారికి మోకాళ్ళు పీకుతాయి. ఒంటరి మనిషికి ఆ బాధ్యతలు లేవు. ఏ గది నచ్చకపోతే అందులోంచి మర్యాద కోసం కూడా ఆగకుండా బయటికి రావచ్చు; నచ్చిన వస్తువు దగ్గర పావుగంట నిలబడవచ్చు; చూసిన గదికే రెండోసారి వెళ్ళవచ్చు. ఈ స్వేచ్ఛను వాడుకోకుండా నలభై గదులూ చుట్టేస్తే ఒంటరిగా వచ్చిన ప్రయోజనమే ఉండదు. మా సలహా ఏమిటంటే, ఐదు గదులు ఎంచుకోండి. ఆరోది కాళ్ళు తీసుకువెళ్ళిన చోటికి వదిలేయండి.

ముందస్తు ప్రణాళిక లేకపోతే నష్టం లేదా?

మరో మ్యూజియం సంగతి అయితే ఉంటుందని చెప్పేవాళ్ళం. కాలక్రమంలో అమర్చిన మ్యూజియానికి తయారై వెళ్ళకపోతే దారి తప్పినట్టుంటుంది. సాలార్ జంగ్ మ్యూజియం స్వభావం వేరు, ఎందుకంటే ఇందులోని వస్తువుల్లో అధికభాగం ఒకే మనిషి ఇష్టాన్ని అనుసరించి చేరినవి. సాలార్ జంగ్ అన్నది ఒక బిరుదు; ఆయన మూడవ సాలార్ జంగ్ అయిన మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889లో పుట్టారు, నెల కూడా నిండకముందే తండ్రి రెండవ సాలార్ జంగ్ మరణించారు. 1912లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దగ్గర ప్రధానమంత్రి అయ్యారు, 1914లో పదవి విడిచారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళే. పెళ్ళి చేసుకోలేదు. తరువాతి ముప్పై ఐదేళ్ళూ, 1949లో మరణించేవరకూ, వస్తువుల సేకరణే ఆయన జీవితం.

వారసులు లేకపోవడంతో ఆ సేకరణను కాపాడాలన్న ప్రయత్నం మొదలై, 1951 డిసెంబర్ 16న ఆయన నివాసమైన దివాన్ దేవ్‌డీలోనే జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం ప్రారంభమయింది. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు వచ్చింది. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. ఇంత చరిత్ర జరిగినా లోపల తిరుగుతుంటే ఒక సంపన్న బ్రహ్మచారి ఇంట్లో ఉన్న భావనే కలుగుతుంది. చేతికర్రల వరుస చూసి తల తిప్పితే జేడ్ రాతి కత్తులు, ఆ తరువాత బొమ్మ సైనికులు. ఆయన కూడా పథకం వేసుకొని కొనలేదు, కంటికి నచ్చింది కొన్నారు. కాబట్టి ఈ ఇంట్లో కంటికి నచ్చిన దారిన తిరగడమే సరైన పద్ధతి అని మా అభిప్రాయం.

అందరూ చెప్పే ముసుగు రెబెక్కా నిజంగా అంత గొప్పదా?

గొప్పదే, అయితే జనం చెప్పే కారణానికి కాదు. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి విగ్రహాన్ని 1876లో ఐరోపా వెళ్ళిన మొదటి సాలార్ జంగ్, అంటే మన సేకరణకర్త తాతగారు మీర్ తురాబ్ అలీ ఖాన్, రోమ్‌లో కొన్నారు. బైబిల్ పాత నిబంధనలో రెబెక్కా తనకు కాబోయే భర్త ఇస్సాకును దూరం నుంచి చూసి ముసుగు వేసుకుంటుంది. శిల్పం ఆ క్షణానిది. ఇంత పలుచటి ముసుగును రాతిలో ఎలా చెక్కారని అందరూ ఆశ్చర్యపోతారు. నిజానికి అక్కడ పలుచటి పొర ఏదీ లేదు. ముఖమూ ముసుగూ ఒకే రాయి. ముక్కు, పెదవులు, చుబుకం ఉన్నచోట రాతిని ఎత్తుగా ఉంచి, వాటి మీదుగా సన్నని మడతల గీతలను నడిపించాడు. వాటి నీడలను చూసి బట్ట వెనుక ముఖం ఉందని మన కన్నే అనుకుంటుంది.

ఒంటరిగా వచ్చినవారు దీనిని పరీక్షించి చూడవచ్చు. ఎదురుగా నిలబడి కాకుండా పక్కకు, వెలుతురు ఏటవాలుగా పడే చోటికి జరగండి. కనుబొమ్మ దగ్గర మొదలైన ఒక మడత చెంప మీదుగా దిగి మెడ దగ్గర ఎలా ముగుస్తుందో దాని వెంటే చూపు నడపండి. కొద్దిసేపటికి ముసుగు మాయమై రాయి కనిపిస్తుంది. కన్ను మూసి తెరిస్తే మళ్ళీ ముసుగు కనిపిస్తుంది. గుంపులో ఉన్నప్పుడు ఇది సాధ్యం కాదు, ఎందుకంటే వెనకవారు ఫోటో కోసం తొందరపెడుతుంటారు.

బెంజోనీ శిల్పశాల ఈ విగ్రహాన్ని ఒకటికి మించి ప్రతులుగా తయారు చేసింది. అమెరికాలో అట్లాంటా ప్రాంతంలో ఉన్న తెలుగువారు అక్కడి హై మ్యూజియంలో ఇంకొక రెబెక్కాను చూడవచ్చు.

రెండు వైపుల బొమ్మ సంగతి ఏమిటి?

ఒకే చెక్కలో ముందువైపు మెఫిస్టాఫిలిస్ అనే దయ్యం, వెనుకవైపు మార్గరెటా అనే అమాయకురాలు. ఇద్దరూ ఒక జర్మన్ నాటకంలోని పాత్రలు. వెనుక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. చేతిపని మెచ్చుకోదగినది, కానీ కిటుకు తెలిశాక చూడవలసింది అంతగా మిగలదు. రెండు నిమిషాలు చాలు.

గడియారం కోసం ఆగాలా?

ఆగండి, ఒక్కసారి. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ దగ్గర కొన్న ఆంగ్లేయుల గడియారం అది. గంట కొట్టే వేళకు కొద్ది నిమిషాల ముందు గడ్డపు మనిషి బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలయితే అన్నిసార్లు గంట మోగించి లోపలికి వెళ్ళిపోతుంది. మరో పక్కన కమ్మరి బొమ్మ ఒకటి సుత్తితో క్షణాలు కొడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం వచ్చేవారికి దొరికేది మూడు గంటల మోతో నాలుగు గంటల మోతో. పన్నెండు గంటలప్పుడు చేరినంత జనం అప్పుడు ఉండరు కాబట్టి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

మా దృష్టిలో అక్కడ గడియారం ఎంతో, దాని ముందు చేరే జనమూ అంతే చూడదగినవారు. నల్గొండ నుంచి వచ్చిన రైతు కుటుంబం, బురఖాలో ఉన్న అమ్మమ్మ, కాలేజీ కుర్రాళ్ళు, ఎవరికి వారు మాటలు ఆపి ఒకే చిన్న తలుపు వైపు చూస్తారు. బొమ్మ బయటికి రాగానే ఒక్కసారిగా ఫోన్లన్నీ పైకి లేస్తాయి. మీ ఫోను జేబులోనే ఉంచి, ఆ ముఖాలను చూడండి.

ఒక్క గదికి మాత్రమే సమయం ఉంటే దేనికి వెళ్ళాలి?

బిద్రీ గదికి, అంటే బీదర్ పేరుతో వచ్చిన లోహపు పొదుగుడు పని ఉన్న గదికి. ఈ సమాధానంతో చాలామంది ఏకీభవించరు, ఎందుకంటే గైడ్లు ఆ గదిని వేగంగా దాటించేస్తారు. నల్లని పాత్రల మీద వెండి పూలు. దూరం నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి. పని జరిగిన తీరు తెలిసినవారికి మాత్రం ఆ గదిలో గంట ఇట్టే గడిచిపోతుంది.

బిద్రీ పాత్ర ప్రధానంగా జింకు. అందులో కొద్దిగా రాగి కలుపుతారు. పోతపోసి నునుపు చేశాక లోహం బూడిదరంగులో ఉంటుంది. గీత కనబడడానికి మైలుతుత్తం నీటితో పైన తాత్కాలికంగా నల్లబరిచి, ఉలితో పూలు, తీగలు తవ్వుతారు. ఆ గాళ్ళలో వెండి తీగనో రేకునో పెట్టి సుత్తితో కొట్టి దిగ్గొడతారు. ఆ తాత్కాలికపు నలుపును రుద్ది తీసేస్తే, బూడిదరంగు లోహం మీద వెండి పెద్దగా తేడా తెలియకుండా ఉంటుంది. ఆఖరి అంకం అప్పుడు మొదలవుతుంది. బీదర్ కోటలోని ఎండావానా తగలని చోటి మట్టిని నవసాగరంతో కలిపి నీటిలో మరిగించి ఆ పాత్రను అందులో ముంచితే, జింకు గాఢమైన నలుపుకు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉండిపోతుంది. పైన నూనె రాస్తే నలుపు స్థిరపడుతుంది.

అక్కడ హుక్కా కుదుళ్ళు, పాన్‌దాన్లు, నీటి కూజాలు వంటివి ఉన్నాయి. ఒక హుక్కా కుదురును ఎంచుకొని, అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి, తీగ పనిని రేకు పని నుంచి వేరు చేసి చూడడానికి ప్రయత్నించండి. తీగ పనిని తార్‌కషీ అంటారు: గడ్డిపోచల్లాంటి గీతలు, అంచుల దగ్గరి మెలికలు. రేకు పని తహ్‌నిషాన్: పూరేకులు, ఆకులు, వెడల్పయిన వెండి. రెండూ కలిసిన చోట, ఒక ఆకు మధ్య ఈనెగా నల్లని లోహాన్నే వదిలేసి చుట్టూ వెండి నింపిన పని కనబడితే ఆగండి. కుదురు గుండ్రంగా ఉంటుంది కాబట్టి పువ్వు ఒక్కటీ సమతలం మీద లేదు. వంపు మీద కొట్టిన ప్రతి దెబ్బా బలం మారకుండా పడాలి. కొన్నిచోట్ల వెండి ఊడిపోయి ఖాళీ గాడి కనిపిస్తుంది. పని ఎంత లోతుగా చేశారో అక్కడే తెలుస్తుంది.

జేడ్ గదిలో ఏం చూడాలి?

అక్కడ జహంగీర్ వేటకత్తి, నూర్జహాన్ బాకు, షాజహాన్ విల్లు లాగేటప్పుడు బొటనవేలికి ధరించిన ఉంగరం, ఇల్తుత్‌మిష్ పేరు చెక్కిన గ్రంథపీఠం ఉన్నాయి. పేర్లను బట్టి వీటిని చూడడం తేలిక. పేర్లు మరచిపోయి రాయిని చూడండి: జేడ్ ఉలికి లొంగదు, కురువింద రాతి పొడితో అరగదీసి మాత్రమే రూపు తేవాలి. బాకు పిడి మీద మలచిన ఆ మెత్తని వంపు రోజుల తరబడి అరగదీస్తే వచ్చింది. ఆ తరువాత అందులో బంగారు తీగ, కెంపులు, పచ్చలు పొదిగారు. ఒక్కొక్కప్పుడు ఆ రాళ్ళు లేని సాదా పాత్రే ఎక్కువ అందంగా ఉంటుంది.

చిత్రాల గదుల్లో, చిత్రకళ గురించి ఏమీ తెలియనివారు ఎక్కడ మొదలుపెట్టాలి?

తెలిసిన చిత్రకారుడి దగ్గర. రాజా రవివర్మ బొమ్మలను మన ఇళ్ళలో పూజగదుల్లోనూ క్యాలెండర్ల మీదా తరతరాలుగా చూస్తున్నాం; కానీ అవన్నీ రాతిఅచ్చు ప్రతులు, వాటికి ప్రతులు. ఇక్కడ ఆయన నూనెరంగుల అసలు చిత్రాలే ఉన్నాయి. పట్టుచీర జరీ దగ్గరగా చూస్తే పసుపు, గోధుమ రంగు కుంచె దెబ్బలుగా విడిపోతుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే మళ్ళీ జరీ అవుతుంది. ఈ ముందుకూ వెనక్కూ నడవడం గుంపులో కుదరదు.

అక్కడి నుంచి దక్కనీ సూక్ష్మచిత్రాల దగ్గరకు వెళ్ళండి. గోల్కొండ, బీజాపూర్, అహ్మద్‌నగర్ దర్బారుల్లో పుట్టిన ఈ శైలి ఉత్తరాది మొఘల్ చిత్రాల పక్కన పెడితే వెంటనే వేరుగా తెలుస్తుంది. మొఘల్ చిత్రకారుడు ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించాలని చూస్తాడు. దక్కనీ చిత్రకారుడికి ఆ పట్టుదల అంతగా లేదు. ఆకాశం బంగారు రంగులో, కొండ ఊదా రంగులో, మనుషులు పొడుగ్గా, దుస్తులు కలలోవలె బరువు లేకుండా ఉండవచ్చు. అరచేతి వెడల్పున్న కాగితం మీద ఉడుత వెంట్రుకల కుంచెతో గీసినవి కాబట్టి ముఖం దాదాపు అద్దానికి ఆనించి చూడాలి. చత్వారం ఉన్నవారు చదువుకునే కళ్ళజోడు తప్పకుండా తెచ్చుకోవాలి.

ఆధునికుల గదిలో నందలాల్ బోస్, జామినీ రాయ్ వంటివారి పనులు ఉన్నాయి. ఐరోపా చిత్రాల్లో ఫ్రాంచెస్కో హాయెజ్ గీసిన సబ్బు బుడగల చిత్రాన్ని చూడండి. మిగతావాటిలో చాలా చిత్రాలు ఆనాటి సంపన్నుల గోడలకు సరిపోయే అలంకారాలే తప్ప ఆగి చూడవలసినవి కావని మా అభిప్రాయం.

కొన్ని గదులు ఎందుకంత మసకగా ఉంటాయి? నిర్వహణ లోపమా?

కాగితం, బట్ట ఉన్న గదుల్లో మసక వెలుతురు కావాలని పెట్టేదే. వెలుతురు తగిలినకొద్దీ వృక్షజన్యమైన రంగులు వెలిసిపోతాయి, పోయిన రంగు తిరిగి రాదు. అందుకే ఇటువంటి వస్తువుల మీద కాంతి సుమారు 50 లక్స్ దాటకుండా ఉండాలన్నది మ్యూజియంలలో సాధారణంగా పాటించే ప్రమాణం. బయటి ఎండలో నుంచి నేరుగా లోపలికి వెళితే ఏమీ కనబడనట్టుంటుంది. రెండు మూడు నిమిషాలు ఓపికపడితే కన్ను అలవాటుపడుతుంది.

తెలుగు నేలకు చెందినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, అయితే వాటిని వెతుక్కోవాలి. రాతి శిల్పాల దగ్గర ఖమ్మం జిల్లా నేలకొండపల్లి నుంచి వచ్చిన నిలుచున్న బుద్ధుడిని చూడండి. అది 3వ శతాబ్దానిది. అమరావతి, నాగార్జునకొండ పేర్లు విన్నవారు కూడా నేలకొండపల్లి బౌద్ధస్థూపాన్ని మరచిపోతుంటారు. బుద్ధుడి భుజం మీది నుంచి దిగే వస్త్రపు మడతలను గమనించి, తరువాత రెబెక్కా ముసుగును గుర్తు చేసుకోండి. రాతిలో బట్టను చూపడం మనవారు బెంజోనీకి పదహారు వందల ఏళ్ళ ముందే చేశారు; కాకపోతే కన్నును మోసగించాలని కాదు, వస్త్రం ఉందని రెండు గీతల్లో చెప్పి ఊరుకున్నారు.

బట్టల గదిలో కలంకారీ ఉంది. మచిలీపట్నం పద్ధతిలో చెక్క అచ్చులు, శ్రీకాళహస్తి పద్ధతిలో వెదురు కలం. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో బట్టను ముంచి ఆరబెట్టడం, ఇనుపముక్కలు బెల్లంతో నానబెట్టి తీసిన నల్లరంగుతో గీత గీయడం ఈ పని చేసేవారి ఇళ్ళలో నేటికీ జరుగుతోంది.

దంతపు గదిని చూడవచ్చా, లేక వదిలేయాలా?

ఫ్రాన్స్ రాజు పదహారవ లూయీ టిప్పు సుల్తాన్‌కు పంపినవని చెప్పే దంతపు కుర్చీలు అక్కడే ఉన్నాయి. చేతిపని అసాధారణం. ఆ దంతం ఎక్కడి నుంచి వచ్చిందన్న ఆలోచన మనసును ఇబ్బంది పెట్టే మాట నిజమే. ఆ ఇబ్బందితోనే చూడవచ్చు, చూడకుండా వెళ్ళినా ఎవరూ అడగరు.

గైడును పెట్టుకోవాలా?

ఒంటరిగా వచ్చిన మనిషికి అవసరం లేదు. గైడు నడిపించే దారి గడియారం, రెబెక్కా, రెండు వైపుల బొమ్మ, టిప్పు కుర్చీలు అనే వరుసలోనే ఉంటుంది. వస్తువుల పక్కన పలకలు ఉంటాయి, కొన్నిటికి వివరం ఎక్కువ, కొన్నిటికి పేరూ శతాబ్దమూ మాత్రమే. పలక ముందు చదివితే చూపు దాని వెంటే పోతుంది. ముందు వస్తువును చూసి, ఏదో ఒక అంచనాకు వచ్చి, ఆ తరువాత పలక చదవండి.

తాత్కాలిక ప్రదర్శనలు జరుగుతుంటే వాటికి ముందు వెళ్ళాలా, శాశ్వత గదులకు ముందు వెళ్ళాలా?

ప్రదర్శన ఉంటే ప్రవేశం దగ్గరే బ్యానర్ కనిపిస్తుంది. ముందు దానికే వెళ్ళండి. బిద్రీ గది వచ్చే నెలలోనూ ఉంటుంది, ఆ ప్రదర్శన ఉండదు. పైగా అటువంటివి ఒకే హాలులో ఒకే విషయం మీద ఉంటాయి కాబట్టి అరగంటలో తృప్తిగా చూడవచ్చు.

మధ్యలో అలసిపోతే?

కూర్చోండి. భవనం మధ్యలో తెరపి స్థలాలూ వరండాలూ ఉన్నాయి, క్యాంటీన్ ఉంది. ఒక గంట చూశాక పది నిమిషాలు ఏమీ చూడకుండా ఉండడం అవసరం. లేకపోతే నాలుగో గది నుంచి కన్ను చూస్తుంది కానీ మనసు పట్టించుకోదు. చెప్పుల విషయంలో కూడా ఒక మాట: గచ్చు నేల మీద మూడు గంటల నడక, నిలబడడం ఉంటాయి, కోర్టు కోసం వేసుకొచ్చిన బిగుతు బూట్లు ఇబ్బంది పెడతాయి.

వెళ్ళేసరికి శుక్రవారమని తెలిస్తే?

పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియానికి పరుగెత్తవద్దు, దానికీ శుక్రవారమే సెలవు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం కూడా అంతే. ఆ రోజుకు చార్మినార్ దాకా నడిచి, ఛత్తా బజార్‌లో పెళ్ళికార్డుల అచ్చు దుకాణాలను చూసి రావచ్చు.

ఐదు గంటలకు బయటికి వచ్చాక సమయం ఇంకా మిగిలితే ఎక్కడికి వెళ్ళాలి?

ఇంకో మ్యూజియానికి మాత్రం కాదు. ఆ వేళకు అవన్నీ మూసేస్తారు. మదీనా వైపు నడిస్తే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు దొరుకుతాయి. రాత్రి బస్సు ఉన్నవారు చాయ్ తాగి నయాపుల్ మీదుగా తిరిగి బస్‌స్టేషన్‌కు వెళ్ళవచ్చు. సామాను గదిలో ఇచ్చిన సంచిని తీసుకోవడం మరచిపోయి వంతెన దాకా వెళ్ళేవారు లేకపోలేదు, కాబట్టి టోకెన్ జేబులోనే ఉందేమో ద్వారం దగ్గరే ఒకసారి చూసుకోండి.